ఇంటికి వచ్చిన విదేశీ పౌరుడు: నమోదు, నివాస నియమాలు

విరుదునగర్, తూత్తుక్కుడి జిల్లాల సరిహద్దున ఉన్న ఏళాయిరంపన్నై, దాని చుట్టుపక్కల పల్లెలు అగ్గిపెట్టెల పనికి, బాణసంచా పనికి పేరుపొందినవి. తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఈ ఇండ్లలో చదువుకొన్న పిల్లలు కొందరు ఉద్యోగాల నిమిత్తం అమెరికా, బ్రిటన్, సింగపూరు, మలేషియా వంటి దేశాలకు వెళ్ళారు. సెలవులకు వారు వస్తారు. వారితో పాటు అక్కడ పుట్టిన బిడ్డలు వస్తారు. కొన్ని ఇండ్లలో తల్లిదండ్రులు తిరిగి ఉద్యోగాలకు వెళ్ళిపోయి, పసిబిడ్డలను అవ్వ, తాతల వద్ద వదలి వెళ్ళడం కూడా ఉన్నది.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. తాతకు ఆ బిడ్డ మనుమడు. చట్టానికి మాత్రం ఆ బిడ్డ విదేశీ పాస్‌పోర్టు కలిగిన విదేశీయుడు. వీసా గడువు దాటిన సంగతి చాలా కుటుంబాలకు తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయంలో గాని తెలియదు. ఆ పరిస్థితి రాకుండా ఉండడానికి తెలుసుకొనవలసిన నియమాలు ఈ క్రింద ఇవ్వబడినవి.

విదేశీయుడు ఎవరు?

భారత పౌరుడు కాని ప్రతి వ్యక్తీ విదేశీయుడే. పుట్టిన కులము, మాట్లాడే భాష, ఇంటిపేరు ఇందులో లెక్కకు రావు. భారతదేశంలో పుట్టి పెరిగి, తరువాత మరొక దేశపు పౌరసత్వం స్వీకరించినవారు 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదవ సెక్షను ప్రకారం భారత పౌరసత్వం కోల్పోతారు. మన దేశంలో ద్వంద్వ పౌరసత్వం లేదు. అటువంటివారు పాత భారతీయ పాస్‌పోర్టును అప్పగించవలసి ఉంటుంది. దానిని దాచుకొని ప్రయాణించడం నేరమవుతుంది.

భారతీయ దంపతులకు విదేశంలో పుట్టిన బిడ్డ విషయం వేరు. 2004 డిసెంబరు 3 తరువాత విదేశంలో పుట్టిన బిడ్డకు వారసత్వం వలన భారత పౌరసత్వం రావాలంటే, పుట్టిన ఏడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. ఆ బిడ్డకు వేరొక దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలసి ఉంటుంది. అమెరికా పాస్‌పోర్టు తీసుకొన్న బిడ్డ ఈ వరుసలోనికి రాదు.

మరొక మాట. ఈ ప్రాంతపు కర్మాగారాలకు ఉత్తర, తూర్పు రాష్ట్రాల నుండి కూలీలు వస్తున్నారు. వారి భాష మనకు తెలియనంత మాత్రాన వారు విదేశీయులు కారు. వారు దేశపౌరులే. నేపాల్, భూటాన్ పౌరులు విదేశీయులే గాని, తమ దేశం నుండి నేరుగా వచ్చినప్పుడు వారికి వీసా అవసరం లేదు. గుర్తింపు పత్రం మాత్రం ఉండాలి.

ఇప్పుడు అమలులో ఉన్న చట్టం

చాలాకాలం విదేశీయుల విషయంలో నాలుగు చట్టాలు అమలులో ఉండేవి. అవి 1920 నాటి పాస్‌పోర్టు (భారత ప్రవేశ) చట్టం, 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, 2000 నాటి వాహక సంస్థల బాధ్యతా చట్టం. ఈ నాలుగింటినీ రద్దుచేసి, వాటి స్థానంలో 2025 నాటి ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం వచ్చింది. ఇది 2025 సెప్టెంబరు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చింది. పాత పుస్తకాలలోను, పాత ఫారములలోను 1939, 1946 చట్టాల పేర్లు కనిపించినా, నేడు చెల్లుబాటు అయ్యేది కొత్త చట్టమే.

క్రొత్త చట్టంలో శిక్షలు గట్టివి. చెల్లుబాటు అయ్యే పాస్‌పోర్టు, వీసా లేక దేశంలో ప్రవేశిస్తే అయిదేండ్ల వరకు జైలు, లేదా అయిదు లక్షల రూపాయల వరకు జుల్మానా, లేదా రెండూ విధించవచ్చును. వీసా గడువు దాటి నిలిచినా, వీసా షరతులు మీరినా మూడేండ్ల వరకు జైలు, లేదా మూడు లక్షల రూపాయల వరకు జుల్మానా, లేదా రెండూ. దొంగ పత్రాలు వాడితే రెండేండ్లకు తక్కువ కాకుండా ఏడేండ్ల వరకు జైలు, లక్షకు తక్కువ కాకుండా పది లక్షల వరకు జుల్మానా.

ఇంటివారి బాధ్యత: ఇరువది నాలుగు గంటలు

విదేశీయుడు దిగిన చోటుకు బాధ్యులైనవారు ఆ సంగతిని ఇరువది నాలుగు గంటలలోగా నమోదు అధికారికి తెలియజేయాలి. లాడ్జీలకు, ధర్మసత్రాలకు, ఆస్పత్రులకు, కళాశాల వసతి గృహాలకు మాత్రమే ఈ నియమం ఉన్నదని పలువురి నమ్మకం. వాస్తవానికి ఇది సొంత ఇంటికీ వర్తిస్తుంది. ఈ తెలియజేతను జనులు చిరకాలంగా "ఫారం-సి" అని పిలుస్తున్నారు. దీనిని ఇమిగ్రేషన్ శాఖ వారి వెబ్‌సైటులోనే దాఖలు చేయవచ్చును. మొదట ఇంటి యజమాని తన పేరుతో ఒక ఖాతా తెరచి, పిమ్మట అతిథి పాస్‌పోర్టు, వీసా వివరాలు నింపాలి. కంప్యూటరు అలవాటు లేనివారు దగ్గరి పోలీసు స్టేషనులో అడిగి తెలుసుకొనవచ్చును. వచ్చిన అతిథి రక్తసంబంధీకుడైనా, ఓ.సి.ఐ. కార్డు కలవాడైనా తెలియజేయడమే క్షేమం.

అతిథి బాధ్యత: పదునాలుగు రోజులు

నూట ఎనుబది రోజులకు మించిన గడువు గల విద్యార్థి, ఉద్యోగ, పరిశోధన, వైద్య వీసాలతో వచ్చినవారు దేశంలో అడుగుపెట్టిన పదునాలుగు రోజులలోగా నమోదు చేసుకొనాలి. పాకిస్తాన్ పౌరులకు ఈ గడువు ఇరువది నాలుగు గంటలు మాత్రమే. నూట ఎనుబది రోజులలోపు తిరిగి వెళ్ళే పర్యాటకులకు ఈ నమోదు అవసరం లేదు. వీసాపైన ఏ షరతు ముద్రించి ఉన్నదో దానినే ప్రమాణంగా తీసుకొనాలి. "నమోదు అవసరం" అనే షరతు ఉన్నదా, "ప్రతి రాకలో నూట ఎనుబది రోజులకు మించరాదు" అనే షరతు ఉన్నదా అన్నది ఇంటికి చేరిన రోజుననే చదువుకొనడం మంచిది.

నమోదు అధికారి ఎవరన్న సందేహం తరచుగా వస్తుంది. చెన్నై నగరంలో విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం హడ్డోస్ రోడ్డున శాస్త్రి భవన్ ఆవరణలో ఉన్నది. జిల్లాలలో ఆ అధికారం జిల్లా పోలీసు సూపరింటెండెంటుది. ఏళాయిరంపన్నై వారికి ఆ అధికారి విరుదునగర్ ఎస్.పి. కోవిల్‌పట్టి ప్రక్కన దిగినవారికి తూత్తుక్కుడి ఎస్.పి. కోవిల్‌పట్టి బజారుకు దగ్గరగా ఉన్నామని అక్కడ విచారించి లాభం లేదు. ఏ ఇంట నివాసముంటే ఆ జిల్లాయే లెక్క. 2018 నుండి నమోదు, పొడిగింపు, నిష్క్రమణ అనుమతి మొదలైన పనులు చాలావరకు ఆన్‌లైనులోనే జరుగుతున్నాయి. అధికారి ప్రత్యేకంగా పిలిస్తే తప్ప చెన్నైకి వెళ్ళనవసరం లేదు.

అవ్వ వద్ద ఉన్న పసిబిడ్డ

ఉదాహరణకు ఒక దంపతులు ఎనిమిది నెలల బిడ్డతో అమెరికా నుండి వచ్చారనుకొందాము. తల్లిదండ్రులవి భారతీయ పాస్‌పోర్టులు. బిడ్డది అమెరికా పాస్‌పోర్టు. తొందరలో బిడ్డకు ఇ-టూరిస్టు వీసా తీశారు. నెల తరువాత తల్లి ఉద్యోగానికి వెళ్ళిపోయింది. బిడ్డ ఏడాదిపాటు అవ్వ దగ్గర పెరిగింది. అమెరికా పౌరులకు ఈ వీసాపై ఒక రాకలో ఎడతెగక నూట ఎనుబది రోజులు మాత్రమే ఉండవచ్చును. దానిని సాధారణంగా పొడిగించరు. నూట ఎనుబది ఒకటవ రోజు నుండి ఆ బిడ్డ అనుమతి లేని నివాసి అయినట్లే.

నమోదు విషయంలో చిన్నపిల్లలకు సడలింపు ఉంటూ వచ్చింది. వీసా విషయంలో అటువంటి సడలింపు లేదు. ఊయలలో ఉన్న బిడ్డకైనా వీసా గాని, ఓ.సి.ఐ. గాని ఉండితీరాలి. కనుక బిడ్డను ఇక్కడ వదలివెళ్ళే ఆలోచన ఉన్నవారు బయలుదేరక ముందే ఓ.సి.ఐ. కార్డు తీసుకొనడం ఉత్తమం. అది ఆలస్యమయ్యేటట్లుంటే, భారత సంతతివారికి ఇచ్చే ఎంట్రీ వీసాపై తీసుకొనిరావాలి. ఆ వీసాను ఇక్కడ పొడిగించుకొనే వీలున్నది. దానిపై వచ్చి ఇక్కడినుండే ఓ.సి.ఐ.కి దరఖాస్తు చేసుకొనవచ్చును కూడా. తల్లిదండ్రులలో ఒకరు భారత పౌరులైనా మైనరు బిడ్డకు ఓ.సి.ఐ. అర్హత ఉంటుంది.

ఓ.సి.ఐ. కార్డు: ఇచ్చేవి, ఇవ్వనివి

ఓ.సి.ఐ. అనేది 2005లో ఆరంభమైన ఏర్పాటు. అంతకు ముందున్న పి.ఐ.ఓ. కార్డును 2015 జనవరి 9న ఇందులో విలీనం చేశారు. ఈ కార్డు కలవారికి జీవితాంతం వీసా ఉన్నట్లే. ఎన్నాళ్ళు నివసించినా విదేశీయుల నమోదు అవసరం లేదు. బడిలో చేరవచ్చును, ఉద్యోగం చేసుకొనవచ్చును.

పేరులో పౌరసత్వం అన్న మాట ఉన్నా, ఇది పౌరసత్వం కాదు. ఓటు హక్కు లేదు. ప్రభుత్వోద్యోగానికి సాధారణంగా అర్హత లేదు. పొలము, తోట, ఫారం ఇల్లు కొనరాదు. తండ్రి, తాతల నుండి వారసత్వంగా వచ్చే పొలాన్ని పొందడానికి అడ్డు లేదు. పత్రికా వృత్తికి, మతప్రచారానికి, పరిశోధనకు ప్రత్యేక అనుమతి కావాలి. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులుగా ఉన్నవారికి, వారి సంతతికి ఈ కార్డు ఇవ్వరు.

కార్డు వచ్చిన తరువాత కూడా ఒక పని మిగిలి ఉంటుంది. ఇరువది ఏండ్ల లోపువారు కొత్త పాస్‌పోర్టు తీసుకొన్న ప్రతిసారి దాని ప్రతిని, కొత్త ఫొటోను వెబ్‌సైటులో చేర్చాలి. ఇరువది ఏండ్లు నిండిన పిమ్మట కొత్త పాస్‌పోర్టు తీసుకొన్నప్పుడు కార్డును ఒకసారి మార్పించుకొనాలి.

ఆధార్ కార్డు ఉన్నది గదా అని ఊరకుండరాదు. ఓ.సి.ఐ. కలవారు ఏడాదిలో నూట ఎనుబది రెండు రోజులు నివసిస్తే ఆధార్ తీసుకొనవచ్చును. అది నివాసానికి గుర్తు మాత్రమే, పౌరసత్వానికి ఋజువు కాదు. రేషన్ కార్డులో పేరున్నా అంతే. ఓటర్ల జాబితాలో విదేశీ పౌరుని పేరు చేర్పించడానికి తప్పుడు ప్రకటన ఇవ్వడం శిక్షార్హమైన నేరం.

గడువు దాటినట్లయితే

గడువు దాటినట్లు తెలిసిన వెంటనే దానిని దాచక, ఆన్‌లైనులో నిష్క్రమణ అనుమతికి దరఖాస్తు చేయాలి. ఆలస్యానికి కారణం, చికిత్స జరిగి ఉంటే ఆస్పత్రి కాగితాలు, నివాస ఋజువు జతచేయాలి. విధించిన రుసుము చెల్లించి, అనుమతి చేతికి వచ్చిన తరువాతనే విమానం టికెట్టు తీసుకొనాలి. మదురై విమానాశ్రయానికి వెళ్ళి అక్కడ బతిమాలుకొందామనుకొంటే ప్రయాణం ఆగిపోతుంది. పాస్‌పోర్టు పోయినవారు ముందుగా పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసి, ఆ ప్రతితో తమ దేశపు రాయబార కార్యాలయం నుండి తాత్కాలిక పత్రం పొంది, పిమ్మట నిష్క్రమణ అనుమతి అడగాలి.

తేదీ విలువ: సింహళం నేర్పిన పాఠం

నమోదు, గడువు అన్న మాటలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. బ్రిటిషువారి కాలంలో తిరునెల్వేలి, రామనాథపురం, మదురై జిల్లాల నుండి కంగాణీల వెంట ఎందరో సింహళపు తేయాకు తోటలకు వెళ్ళారు. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట 1948లో అక్కడ చేసిన పౌరసత్వ చట్టం వలన వారిలో అత్యధికులు ఏ దేశానికీ చెందనివారయ్యారు. 1949లో వేరొక చట్టం చేసి, దరఖాస్తుకు 1951 ఆగస్టు 5 వరకు గడువిచ్చారు. 1946 జనవరి 1కి ముందు పెండ్లయినవారు ఏడేండ్లు, కానివారు పదేండ్లు ఎడతెగక అక్కడ నివసించినట్లు చూపవలసి వచ్చింది. తోటలోనే పుట్టి పెరిగినవారు సైతం కాగితం చూపలేక ఓడిపోయారు.

తరువాత 1964 అక్టోబరు 30న సిరిమావో బండారనాయకే, లాల్ బహదూర్ శాస్త్రి ఒప్పందం చేసికొని 5,25,000 మందిని భారతదేశానికి, 3,00,000 మందిని సింహళానికి పంచారు. మిగిలిన 1,50,000 మందిని 1974 ఒప్పందంలో చెరి సగం చేశారు. మూడు తరాల బ్రతుకు ఒక జాబితాలో ఏ వైపు పేరున్నదన్న దానిపై తేలిపోయింది.

ఇప్పటికీ విరుదునగర్ జిల్లాలో శ్రీలంక తమిళుల శిబిరాలు ఉన్నాయి. వెంబకోట్టై ప్రాంతంలోని కండియాపురం శిబిరం అటువంటిది. 1983 జూలై అల్లర్ల తరువాత వచ్చినవారు, వారి బిడ్డలు వీటిలో ఉంటున్నారు. శిబిరాలకు వెలుపల ఉండేవారు పోలీసు స్టేషనులో నమోదై ఉండాలి. 2021లో తమిళనాడు ప్రభుత్వం ఈ శిబిరాల పేరును పునరావాస శిబిరాలుగా మార్చింది. 2025 సెప్టెంబరు ఉత్తర్వు ప్రకారం, 2015 జనవరి 9 నాటికి ఆశ్రయం పొంది ప్రభుత్వం వద్ద నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేవన్న కారణంపై శిక్షా నిబంధనలు వర్తించవు. ఇది శిక్ష నుండి మినహాయింపు మాత్రమే, పౌరసత్వం కాదు.

వీరిలోనూ తేదీయే భాగ్యాన్ని నిర్ణయిస్తున్నది. 1950 జనవరి 26కు, 1987 జూలై 1కి నడుమ భారత భూమిపై పుట్టినవారు తల్లిదండ్రులు ఎవరైనా జన్మచేత భారత పౌరులు. 1986లో మండపం శిబిరంలో పుట్టిన ఒక మహిళ ఈ నియమం చూపి కోర్టుకు వెళ్ళగా, 2022 ఆగస్టులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆమెకు భారతీయ పాస్‌పోర్టు ఇవ్వవలసిందని ఆదేశించింది. ఆమెకు ఆధారమైనది ఒక జనన ధ్రువపత్రం. అదే శిబిరంలో రెండేండ్లు ఆలస్యంగా, పౌరులు కాని తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డకు ఆ హక్కు లేదు.

సముద్రాల అవతల కూడా ఇదే తీరు

మన పూర్వులు వెళ్ళిన కరీబియన్ ప్రాంతంలోను ఇదే కథ. 1845 నుండి మద్రాసు రేవు మీదుగా తమిళులతో పాటు తెలుగువారు కూడా బ్రిటిష్ గయానా, ట్రినిడాడ్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళారు. ఒప్పందం ఉన్నంతకాలం అనుమతి చీటీ లేక తోట దాటితే పట్టుకొని శిక్షించేవారు. ఒప్పందం తీరిన తరువాత ఇచ్చే విడుదల కాగితం చేత ఉంటేనే స్వేచ్ఛ. ఆ వంశాలవారికి ఊరు, తండ్రి పేరు తెలిపే ఆధారం నేడు ఆనాటి నమోదు కాగితాలలోనే దొరుకుతున్నది. 2025 జూలైలో ట్రినిడాడ్ వెళ్ళిన భారత ప్రధానమంత్రి, అక్కడి భారత సంతతిలో ఆరవ తరం వారికి కూడా ఓ.సి.ఐ. ఇస్తామని ప్రకటించారు. ఆ తరంవాడు దరఖాస్తు చేయాలన్నా ముత్తాతల కాగితం చూపవలసిందే.

అదే ట్రినిడాడ్ 2019లో తన గడ్డపై ఉన్న వెనెజువెలా దేశస్థులకు మే 31 నుండి జూన్ 14 వరకు నమోదు అవకాశమిచ్చింది. రెండు వారాలలో 16,523 మంది నమోదై పని చేసుకొనే అనుమతి పొందారు. ఆ అనుమతిని తరువాత పలుమార్లు పొడిగించారు. ఆ రెండు వారాలు వరుసలో నిలబడనివారికి ఆ కార్డు దక్కలేదు.

ఇంట భద్రపరచవలసినవి

విదేశీ పాస్‌పోర్టు కలవారు నివసించే ఇంట ఈ క్రింది కాగితాలు ఒకే చోట ఉండాలి.

1. పాస్‌పోర్టు, వీసా, ప్రవేశ ముద్ర ఉన్న పుటల నకళ్ళు.

2. వచ్చిన తేదీ, వీసా ముగిసే తేదీ, నూట ఎనుబదవ రోజు ఏ తేదీన పడుతుందో వ్రాసిన చీటీ. దీనిని గోడ క్యాలెండరులో కూడా గుర్తించాలి.

3. ఇరువది నాలుగు గంటలలో దాఖలు చేసిన తెలియజేత నకలు, నమోదు అయి ఉంటే ఆ ధ్రువపత్రం.

4. బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల పాస్‌పోర్టుల నకళ్ళు, బిడ్డను అవ్వ, తాతల సంరక్షణలో ఉంచినట్లు తల్లిదండ్రులు సంతకం చేసిన పత్రం.

5. ఇంటి పట్టా లేదా కరెంటు బిల్లు వంటి నివాస ఋజువు.

6. ఓ.సి.ఐ. కార్డు ఉంటే దాని నకలు, దరఖాస్తు మాత్రమే జరిగి ఉంటే దాని సంఖ్య.

పొడిగింపు కావలసినవారు గడువుకు చివరి వారం వరకు ఆగరాదు. దళారుల మాటపై సంతకాలు చేయరాదు. దరఖాస్తులన్నీ ప్రభుత్వ వెబ్‌సైటులో సొంతంగా చేసుకొనదగినవే. సందేహమున్న చోట జిల్లా ఎస్.పి. కార్యాలయంలోని విదేశీయుల విభాగాన్ని అడిగి, వారు చెప్పినదానిని వ్రాసుకొని రావాలి.

విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగువారు ఈ నల్లరేగడి నేలలకు వచ్చినప్పుడు ఏ కచ్చేరిలోను పేరు వ్రాయించుకొనలేదు. నేడు ఆ వంశపు బిడ్డయే తాత ఇంట ఉండడానికి తేదీ వేసిన కాగితం కావాలి. ఆ కాగితాన్ని గడువులోగా తీసికొని పెట్టడం ఇంటి పెద్దల బాధ్యత.